విల్లు కొనే ముందు చేతులు చాచి కొలుచుకోండి

అచ్చంపేట దాటి నల్లమల వైపు వెళ్తే చెంచుల చేతిలో విల్లు చూసి చాలామందికి నేర్చుకోవాలనిపిస్తుంది. నాకూ అలాగే పుట్టింది సరదా. బలమైనదైతే మంచిదనుకుని 40 పౌండ్ల విల్లు కొన్నాను. పౌండ్లంటే విల్లు బరువు కాదు, నారి పూర్తిగా లాగడానికి పట్టే బలం. పది బాణాలకే భుజం పట్టేసింది.

అమెరికాలో చాలా రాష్ట్రాల్లో జింక వేటకు 40 పౌండ్లో, ఆ దరిదాపుల్లోనో కనీసం ఉండాలంటారు. మన దగ్గర 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం జింక వేట నేరం, కాబట్టి ఆ లెక్క మనకెందుకు? గురి నేర్చుకోవడానికి పెద్దవాళ్లకు 20 నుంచి 24 పౌండ్లు చాలు. లాగి పది సెకన్లు వణక్కుండా పట్టుకోగలిగితే అదే మీ విల్లు.

రెండు చేతులూ చాచి వేలికొసల మధ్య దూరాన్ని అంగుళాల్లో కొలిచి 2.5తో భాగించండి. నారి ఎంత లాగాలో దాదాపు తెలిసిపోతుంది. బాణం దానికంటే రెండంగుళాలైనా పొడవుండాలి, లేకపోతే చేతికే ప్రమాదం.

ఇంకో సంగతి, బాణం పెట్టకుండా నారి లాగి వదలొద్దు. ఆ దెబ్బంతా విల్లే తింటుంది, చీలిపోవచ్చు. పిల్లలు సరిగ్గా ఇదే చేస్తారు! ఆట అయ్యాక నారి విప్పేయండి. మన ఎండల్లో కారులో మాత్రం వదిలేయకండి.