కొత్త కస్టం సైకిల్‌ని నలుగురిలో పెట్టాలంటే

ఆదివారం పొద్దున్న కబ్బన్ పార్కు దగ్గరో, నంది హిల్స్ దారిలోనో కలిసే బెంగళూరు సైక్లిస్టులకు ఖరీదైన బండ్లు కొత్త కాదు. షాపులో దొరికే కార్బన్ బండి ఎంత పెట్టి కొన్నదైనా ఒక చూపు చూసి కాఫీ వైపు తిరుగుతారు. కొలతలిచ్చి కట్టించుకున్న ఫ్రేం కనబడితే మాత్రం చుట్టూ చేరతారు. వంగి బాటం బ్రాకెట్ (పెడల్స్ ఇరుసు తిరిగే చోటు) కింద చూస్తారు, వెల్డు మీద వేలు పోనిస్తారు, హ్యాండిల్ అటూ ఇటూ తిప్పుతారు. అడిగేవి పది రకాలుగా అడిగినా వాళ్లకు కావలసింది ఒకటే: దీన్ని ఇలాగే ఎందుకు కట్టించారు? ఆ సంగతి చెప్పగలిగేలా బండీ, మీరూ సిద్ధం కావాలి. మిగతా తళుకంతా దాని తర్వాతే.

కట్టిన మర్నాడే తేవద్దు

బిల్డ్ పూర్తయ్యాక కనీసం వంద, నూట యాభై కిలోమీటర్లు తొక్కి, మళ్లీ అన్నీ బిగించుకున్నాకే నలుగురిలోకి తీసుకురండి. కొత్త బండిలో ప్రతిదీ కొంచెం సర్దుకుంటుంది. గేరు కేబుల్ తొడుగు చివరలు క్యాపుల్లో కూరుకుని కేబుల్ వదులవుతుంది, దాంతో గేర్లు ఒక పట్టాన పడవు. హెడ్‌సెట్ (హ్యాండిల్ తిరిగేందుకు ఉండే బేరింగులు) కప్పులు ఫ్రేంలోకి ఇంకాస్త దిగి ముందు భాగంలో లూజు వస్తుంది. స్పోకుల మెలికలు విడిపోయి రిమ్ములో ఒకటి రెండు చోట్ల చిన్న బెండు కనబడుతుంది. వీల్ కట్టినవాళ్ల దగ్గరికే తీసుకెళ్లి బెండు తీయించండి. మొదటి వందా రెండు వందల కిలోమీటర్ల తర్వాత ఒకసారి తీయిస్తే ఆ చక్రం చాలాకాలం కదలదు.

హెడ్‌సెట్ లూజు చూడడానికి ముందు బ్రేకు గట్టిగా పట్టి, హెడ్ ట్యూబుకూ (ఫ్రేం ముందుండే పొట్టి గొట్టం) ఫోర్కుకూ మధ్య సందులో వేలు ఆనించి, బండిని ముందుకూ వెనక్కూ ఊపండి. వేలికి టక్కుటక్కుమని తగిలితే లూజు ఉన్నట్టే. స్టెం (హ్యాండిల్‌ను ఫోర్కుకు కలిపే ముక్క) పక్క బోల్టులు ముందు వదులు చేసి, పైన టాప్ క్యాప్ కొద్దికొద్దిగా బిగించి, లూజు పోగానే ఆపి, అప్పుడు పక్క బోల్టులు బిగించాలి. వరస తప్పితే టాప్ క్యాప్ ఎంత తిప్పినా లాభం లేదు. టాప్ క్యాప్ బిగుసుకున్నా లూజు పోకపోతే స్టీరర్ ట్యూబు (ఫోర్కు పైగొట్టం) పొడుగు ఎక్కువైందని అర్థం. అది పై స్పేసర్ (స్టెం దగ్గర వేసే రింగు) అంచుకు రెండు మూడు మిల్లీమీటర్లు కిందుగా ఉండాలి.

బిగింపులకు టార్క్ రెంచ్ (బిగింపు బలం కొలిచే స్పానరు) వాడండి. స్టెం బోల్టులకూ సీటు క్లాంపుకూ సాధారణంగా 5 న్యూటన్ మీటర్లు, షిమానో రకం క్రాంక్ (పెడల్ తగిలించే చేయి) పక్క బోల్టులకు 12 నుంచి 14, సెంటర్‌లాక్ డిస్కు రింగుకు 40, పెడల్స్‌కు 35 దాకా. పార్టు మీద వేరే అంకె అచ్చేసి ఉంటే దాన్నే పాటించాలి. ఎడమ పెడల్‌కు మర ఎదురు తిరుగుతుంది. బీఎస్‌ఏ రకం బాటం బ్రాకెట్‌లో కుడివైపు కప్పుదీ ఎదురు మరే.

కస్టం స్టీలు ఫ్రేముల్లో వచ్చే చప్పుళ్లలో చాలాభాగం రంగు వల్లే. పౌడర్ కోటింగ్ పొర మందంగా ఉంటుంది. పూసేటప్పుడు మరలనూ అంచులనూ సరిగా కప్పకపోతే అది బాటం బ్రాకెట్ మరల్లోకి, సీటు ట్యూబు లోపలికి, బ్రేకు క్యాలిపర్ (డిస్కును నొక్కే ప్యాడులుండే భాగం) కూర్చునే చోటికి చేరుతుంది. అప్పుడు 27.2 మిల్లీమీటర్ల సీట్‌పోస్టు (సీటు కింది గొట్టం) దిగదు, లేదా గీసుకుంటూ దిగుతుంది. తొక్కినప్పుడల్లా కింద కిర్రుమంటుంది. క్యాలిపర్ ఒక వెంట్రుకవాసి వంకరగా కూర్చుని ప్యాడు డిస్కుకు రాసుకుంటుంది. మరలు మళ్లీ కోయించి, అంచులు చదును చేయించి, గ్రీజు పూసి బిగిస్తేనే నయమవుతుంది. క్యాలిపర్‌ను ఎంత సర్దినా ఆ రాపిడి మళ్లీ వస్తుంది. నలుగురి ముందు బండి తోయగానే ఝ్సు ఝ్సు అని వినబడితే మీరెన్ని కొలతలు చెప్పినా వాళ్ల చెవి ఆ చప్పుడు మీదే ఉంటుంది.

డిస్కు బ్రేకులు కొత్తవైతే పదును పట్టించాలి. వాహనాలు లేని రోడ్డు మీద పాతిక కిలోమీటర్ల వేగం నుంచి నడక వేగం దాకా, పూర్తిగా ఆగకుండా, బ్రేకు నొక్కాలి, ఒక్కో బ్రేకుకు ఇరవై సార్లు. ఆపేస్తే ప్యాడు పదార్థం డిస్కు మీద ఒకేచోట అంటుకుని తర్వాత కీచుమంటుంది.

పసుపూ కుంకుమా, నిమ్మకాయా

కొత్త బండికి బొట్టు పెట్టకుండా ఇంట్లోవాళ్లు గేటు దాటనివ్వరు, పెట్టించుకోండి. చోటు మాత్రం మీరే చూపించండి. హెడ్ ట్యూబు మీద, నిగనిగలాడే రంగున్న చోట అయితే తడిబట్టతో పోతుంది. మ్యాట్ రంగు మీద పసుపు మరక పట్టుకుంటే వదలదు, తెల్ల బార్ టేపు సంగతి చెప్పనే అక్కర్లేదు. డిస్కుల దగ్గరికి కుంకుమ గానీ, కొబ్బరికాయ కొట్టిన చేయి గానీ పోకూడదు. ఏమాత్రం నూనె తగిలినా ప్యాడు పీల్చుకుంటుంది, బ్రేకు సగం చచ్చిపోతుంది. అనుమానంగా ఉంటే డిస్కును ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో తుడవండి. ప్యాడు నూనె తాగేసి ఉంటే మార్చడమే మంచిది. చక్రం కింద నలిగిన నిమ్మకాయ తడిని టైరు మీంచి తుడిచేయండి.

తుడిచే సందట్లో టైర్లకు కారు టైరు పాలిష్ కొట్టకండి. నల్లగా మెరుస్తాయి, మొదటి మలుపులోనే జారతాయి.

కార్డు రాసుకోండి

అరపేజీ కాగితం మీద బండి వివరాలు రాసి జేబులో పెట్టుకోండి. ఫోన్లోనూ ఒక కాపీ ఉంచండి. గుంపులో కన్నడం, తమిళం, హిందీ వాళ్లూ ఉంటారు కాబట్టి పార్టుల పేర్లు పెట్టె మీద ఉన్నట్టే రాయండి. ట్యూబుల రకం (రెనాల్డ్స్ 725, కొలంబస్ జోనా, మామూలు క్రోమోలీ, ఏదైతే అది), ఫ్రేం ఎవరు కట్టారు, రంగు ఎవరు వేశారు, చక్రాలు ఎవరు కట్టారు అన్నవి మొదట రావాలి. చేసినవాళ్ల పేర్లు చెప్పడం మర్యాద. పైగా వినేవాళ్లకు రేపు అవసరపడే సమాచారం అదే.

తర్వాత జామెట్రీ, అంటే ఫ్రేం కొలతలూ కోణాలూ. స్టాక్, రీచ్ (బాటం బ్రాకెట్ నుంచి హెడ్ ట్యూబు పైఅంచు దాకా ఎత్తు, ముందుకు దూరం), హెడ్ యాంగిల్, సీట్ యాంగిల్ (ఆ రెండు ట్యూబుల వాలు), చైన్‌స్టే పొడవు (బాటం బ్రాకెట్ నుంచి వెనక ఇరుసు దాకా), బాటం బ్రాకెట్ డ్రాప్ (ఇరుసుల గీత కన్నా అది ఎంత కిందుందో), ఫోర్క్ ఆఫ్‌సెట్ (హ్యాండిల్ తిరిగే గీతకు ముందు ఇరుసు ఎంత ముందుందో), ట్రెయిల్ (ఆ గీత నేలను తాకే చోటు నుంచి టైరు ఆనే చోటు దాకా దూరం). ట్రెయిల్ చాలామంది రాయరు, కానీ హ్యాండిల్ ఎలా తిరుగుతుందో ఒక్క అంకెలో చెప్పేది అదే. లెక్క ఇది: చక్రం వ్యాసార్థాన్ని హెడ్ యాంగిల్ కొసైన్‌తో హెచ్చించి, అందులోంచి ఆఫ్‌సెట్ తీసేసి, వచ్చినదాన్ని హెడ్ యాంగిల్ సైన్‌తో భాగించాలి. 700 రిమ్ము మీద 32 మిల్లీమీటర్ల టైరైతే వ్యాసార్థం సుమారు 343. హెడ్ యాంగిల్ 72 డిగ్రీలు, ఆఫ్‌సెట్ 47 అయితే ట్రెయిల్ దాదాపు 62 మిల్లీమీటర్లు. ఆఫ్‌సెట్ 50కి పెంచితే 59కి దగ్గరగా వస్తుంది, ముందు చక్రం కొంచెం చురుగ్గా తిరుగుతుంది.

ప్రతి అంకె పక్కన కారణం ఒక ముక్క రాయండి. కార్డుకు విలువ అక్కడే. 'చైన్‌స్టే 435: 38 టైరూ మడ్‌గార్డూ పట్టాలని.' 'రీచ్ తక్కువ: కాళ్లు పొడుగు, నడుము పొట్టి. షాపు సైజుల్లో హ్యాండిల్ దూరమయ్యేది.' 'మడ్‌గార్డు బోల్టు కన్నాలు: జూన్ నుంచి అక్టోబరు దాకా బ్రెవేలు (గడువులోగా ముగించే దూరపు రైడ్లు) తొక్కాలని.' ఇలాంటి కారణం లేని అంకె ఏదైనా ఉంటే అది బిల్డర్ అలవాటుగా పెట్టినదై ఉంటుంది. చూపించే ముందే ఆయన్ని అడిగి తెలుసుకోండి.

బరువు రాస్తే దేనితో కలిపో రాయండి. సామాన్లు తూచే కొక్కెం తూకానికి సీటు ముక్కు దగ్గర తగిలించి తూచవచ్చు. పెడల్స్, బాటిల్ కేజులు ఉన్నాయా లేవా అన్నది పక్కనే రాయాలి. పెడల్స్ తీసి తూచిన అంకె చెప్పి పెడల్స్ ఉన్న బండి చేతికిస్తే, ఎత్తిచూసిన వాళ్లకు వెంటనే తెలిసిపోతుంది. డిస్కు బ్రేకుల స్టీలు బండి పది, పదకొండు కిలోలుంటే చిన్నబుచ్చుకోవలసింది ఏమీ లేదు.

ఇక 'ఎంతయింది?' అన్నది తప్పించుకోలేని ప్రశ్న. 'బాగానే అయింది' అంటే ఎవరికీ ఉపయోగం లేదు. ఫ్రేముకు ఇంత, చక్రాలకు ఇంత, గ్రూప్‌సెట్‌కు (గేర్లు, బ్రేకులు, క్రాంకుల సెట్టు) ఇంత, రంగుకు ఇంత అని విడగొట్టి చెప్పండి. కట్టించుకోవాలని లోలోపల లెక్కలేసుకుంటున్నవాళ్లు ఆ గుంపులో తప్పక ఉంటారు. ఎన్ని నెలలు పట్టిందో, మళ్లీ కట్టిస్తే ఏం మార్చుకుంటారో కూడా చెబితే వాళ్లకు సగం పని అయిపోతుంది.

ఫొటో

మొదటి ఫొటో ఎప్పుడూ చైన్ ఉన్న వైపు నుంచే. గేరు ముందు పెద్ద పళ్లచక్రం మీద, వెనక చిన్నదాని మీద. క్రాంక్ నేలకు సమాంతరంగా ముందుకు గానీ, సీటు ట్యూబు గీతలో గానీ. రెండు చక్రాల వాల్వులూ కిందికి, నేల దగ్గరికి. టైరు మీది పేరు వాల్వు దగ్గరే వచ్చేలా టైరు ఎక్కించేటప్పుడే చూసుకోవాలి. అది అందానికే కాదు. ట్యూబు పంక్చరైతే కన్నం వాల్వు నుంచి ఎంత దూరమో చూసి టైరులో ముల్లు అక్కడే వెతకవచ్చు. సీటు కింద సంచీ, పంపు, బాటిళ్లు తీసేయండి. ఎడమ పెడల్‌ను ఫుట్‌పాత్ అంచుకు ఆనిస్తే బండి నిలబడుతుంది, గోడకు ఆనించిన ఛాయ రాదు.

ఫోన్‌ను మోకాలి ఎత్తులో పట్టుకుని, నాలుగైదు మీటర్లు వెనక్కి వెళ్లి, రెండింతలు జూం చేసి తీయండి. దగ్గరినుంచి వెడల్పు లెన్సుతో తీస్తే చక్రాలు కోడిగుడ్లలా సాగి, మీరు ఎంతో ఆలోచించి పెట్టించుకున్న కోణాలన్నీ తప్పుగా కనబడతాయి. కబ్బన్ పార్కులో శేషాద్రి అయ్యర్ హాలు ఎర్రగోడ ముందు నీలం, క్రీము, వెండి రంగులు బాగా తేలతాయి. ఎర్ర బండి ఆ గోడలో కలిసిపోతుంది, దాన్ని పచ్చిక వైపు తిప్పండి. ఎండ నెత్తిమీదికి వచ్చేలోపు, చెట్టునీడ చుక్కలు చుక్కలుగా పడని చోట తీయాలి. ఆ మచ్చలు పడితే రంగు అసలు తెలియదు. దగ్గరి ఫొటోలు మూడు చాలు: హెడ్ ట్యూబు, సీటు ట్యూబు చేరిక, వెనక డ్రాపౌటు (చక్రం ఇరుసు కూర్చునే చోటు). వెల్డు పనితనం తెలిసేది ఆ చోట్లే.

తొక్కి చూస్తామంటే

ఇది లేకపోతే చూపించడం సగమే. కానీ మీ ఒంటికి కట్టిన బండి ఇంకొకరి ఒంటికి సరిపోదని ముందే అనుకోండి. వాళ్లు తేల్చగలిగేవి బ్రేకులు, హ్యాండిల్ స్వభావం, చేతులు వదిలితే నేరుగా పోతుందా అన్నవి. సుఖంగా ఉందా లేదా అన్నది పది నిమిషాల్లో తేలదు. 'స్టీలు కదా, మెత్తగా ఉంది' అనేవాళ్లు చాలామంది నిజానికి మెచ్చుకుంటున్నది టైరు గాలిని. 32 టైరులో 55 పీఎస్‌ఐ ఉన్న మీ బండినీ, 25 టైరులో 90 ఉన్న వాళ్ల బండినీ పక్కపక్కన పెడితే ఫ్రేం గురించి ఏమీ తేలదు. నిజంగా పోల్చాలనుకుంటే ఒకే వెడల్పు టైర్లున్న బండి వెతికి, రెండింటిలో ఒకే గాలి కొట్టి ఎక్కాలి.

బండి ఇచ్చే ముందు సీట్‌పోస్టు మీద క్లాంపు అంచు దగ్గర ఇన్సులేషన్ టేపు ఒక చుట్టు చుట్టండి, మీ ఎత్తుకు అదే గుర్తు. మామూలు ఫ్లాట్ పెడల్స్ ఒక జత, అలెన్ కీలూ, పెడల్ స్పానరూ సంచీలో ఉండాలి. అందరి బూట్ల క్లీట్లూ (పెడల్‌కు తగులుకునే అడుగు బిళ్లలు) మీ పెడల్‌కు పట్టవు. కుడిచేతి లివరు ముందు బ్రేకా వెనక బ్రేకా అన్నది తప్పకుండా నోటితో చెప్పండి. మన దగ్గర కుడిచేయి ముందు బ్రేకుకు అలవాటు, బయటి దేశాల నుంచి జోడించి వచ్చిన హైడ్రాలిక్ సెట్లలో తారుమారుగా ఉంటుంది. అలవాటు మీద నొక్కితే మనిషి హ్యాండిల్ మీంచి వెళ్లిపోగలడు. చిన్న సైజు ఫ్రేములో పెద్ద టైరు ఉంటే నెమ్మదిగా తిరిగేటప్పుడు బూటు ముందు చక్రానికి తగులుతుంది, అదీ చెప్పాలి. హెల్మెట్ లేనివాళ్లకు ఇవ్వకండి, ఎంత ఆప్తులైనా సరే. ఆదివారం కబ్బన్ పార్కు లోపలి రోడ్లలో మోటారు వాహనాలుండవు కాబట్టి చోటు అదే మంచిది, పిల్లలూ కుక్కలూ అడ్డం వస్తారు కనుక వేగం మాత్రం వద్దు.

తర్వాత దర్శినికి (నిలబడి తినే చిన్న హోటలు) వెళ్లి బండ్లన్నీ ఒకదానికొకటి ఆనించేటప్పుడు మీది చివర, బయటి వైపు పెట్టండి. లోపలుంటే పక్క బండి పెడల్ కొత్త రంగును మొదటి రోజే గీరుతుంది. ఇంటికి బయల్దేరే ముందు సీటు టేపు గుర్తు దగ్గరే ఉందా, పెడల్స్ గట్టిగా ఉన్నాయా, ఎవరైనా హ్యాండిల్ కోణం మార్చారా చూసుకోండి. టాప్ ట్యూబు మీద చెమట తుడవండి, ఉప్పు రంగును తింటుంది. దారిలో వాన తగిలితే ఇంటికి రాగానే సీట్‌పోస్టు ఊడదీసి బండిని కాసేపు తలకిందులుగా నిలబెట్టండి, లోపలి నీళ్లు కారిపోతాయి. పోస్టు లోహమైతే గ్రీజు, కార్బన్ అయితే కార్బన్ పేస్టు పూసి మళ్లీ దించి, 5 న్యూటన్ మీటర్లకు బిగించండి.