పెట్రోల్ లాన్ మోవర్: స్టార్ట్ కాకపోయినా, వణికినా, పొగ వచ్చినా ఎక్కడ చూడాలి

బ్లేడు దగ్గరికి చెయ్యి పోయే ఏ పనికైనా ముందు ఇంజన్ ఆపి, చల్లారనిచ్చి, స్పార్క్ ప్లగ్ మీది రబ్బరు క్యాప్ ఊడదీయండి. అది మళ్లీ ప్లగ్‌కు తగలకుండా పక్కకు వంచి పెట్టండి. ఈ మెషిన్లలో బ్లేడు సాధారణంగా నేరుగా ఇంజన్ తిప్పే ఇరుసుకే (క్రాంక్ షాఫ్ట్) బిగించి ఉంటుంది. చేత్తో బ్లేడు తిప్పితే పిస్టన్ కదులుతుంది, దాంతో తిరిగే బరువు చక్రం (ఫ్లైవీల్) మీది అయస్కాంతం, ప్లగ్‌కు కరెంటు పుట్టించే కాయిల్ ముందు నుంచి వెళ్తుంది, ప్లగ్‌లో నిప్పురవ్వ పుట్టొచ్చు. సిలిండర్లో కాస్త పెట్రోల్ ఆవిరి మిగిలి ఉంటే ఇంజన్ ఒక్కసారి తంతుంది. వేళ్లు పోవడానికి అది చాలు.

రెండో జాగ్రత్త మెషిన్‌ను వాల్చడంలో. ఎయిర్ ఫిల్టర్, గాలినీ పెట్రోల్‌నూ కలిపే కార్బొరేటర్ ఉన్న వైపు పైకి ఉండేలా వాల్చాలి. తిరగేసి వాల్చితే ఇంజన్‌లోని ఆయిల్ వెళ్లి ఎయిర్ ఫిల్టర్లోకి, సిలిండర్లోకి పారుతుంది. ట్యాంకు నిండుగా ఉంటే ముందే పెట్రోల్ తీసేయండి.

ఇక్కడ చెప్పేవన్నీ చేత్తో తోసే, నాలుగు స్ట్రోకుల ఇంజన్ మోవర్లకు. పెట్రోల్‌లో ఆయిల్ కలిపి పోసే రెండు స్ట్రోకుల మెషిన్లకు ఇవన్నీ వర్తించవు.

కొత్త మెషిన్ బిగించగానే ఇబ్బంది పెడుతోంది

ముందు ఆయిల్ చూడండి. కొత్త మోవర్లు చాలావరకు ఇంజన్ ఆయిల్ లేకుండానే పెట్టెలో వస్తాయి. ఆయిల్ పోయకుండా తిప్పితే కొద్ది నిమిషాల్లోనే ఇంజన్ పట్టేస్తుంది, ఆ తర్వాత బాగుచేయించడానికి పెద్దగా ఏమీ మిగలదు. మామూలుగా ఎస్‌ఏఈ 30 గానీ 10డబ్ల్యు-30 గానీ గ్రేడు ఆయిల్ వాడతారు. చాలా ఇంజన్లకు అర లీటరు నుంచి 0.6 లీటరు సరిపోతుంది. మెషిన్‌ను సమతలంగా ఉన్న నేల మీద పెట్టి, మొదట 0.4 లీటరు పోసి, ఒక్క నిమిషం ఆగి డిప్‌స్టిక్ చూసి, మిగతాది కొంచెం కొంచెంగా పోయండి. కొన్ని కంపెనీల డిప్‌స్టిక్‌ను మర బిగించకుండా ఊరికే ఆనించి చూడాలి, మరికొన్నిటిని పూర్తిగా బిగించి చూడాలి. తేడా తెలియక ఎక్కువ పోసేస్తే తెల్లటి పొగ, నురగ మొదలవుతాయి. మీ మెషిన్ పుస్తకంలో ఈ ఒక్క ముక్క తప్పక వెతకండి.

హ్యాండిల్ ఊగుతుంటే బోల్టు మెడ కింద ఉండే చతురస్రపు భాగం పైపు రంధ్రంలో సరిగ్గా కూర్చోలేదని అర్థం. నాబ్‌ను ఇంకా బిగించి లాభం లేదు, విప్పి కూర్చోబెట్టాలి. పై పైపు, కింది పైపు కలిసే మడతలో కేబుల్ నలిగిందేమో కూడా అప్పుడే చూడండి. కేబుల్ నలిగితే హ్యాండిల్ మీది లివర్ నొక్కినా బ్లేడును ఆపే బ్రేక్ పూర్తిగా వదలదు, స్టార్ట్ చేసే తాడు బిగుసుకుపోయినట్టు ఉంటుంది. వెనక గడ్డి సంచి తీసేసినప్పుడు రేకు తలుపు స్ప్రింగ్ బలంతో తనంతట తానే మూసుకోవాలి. అది తెరుచుకుని ఉంటే బ్లేడు విసిరే రాయి నేరుగా మీ కాళ్ల మీదికి వస్తుంది.

తాడు ఎన్నిసార్లు లాగినా స్టార్ట్ కావడం లేదు

మొదట హ్యాండిల్ మీది లివర్ నొక్కి పట్టుకునే లాగుతున్నారా? అది వదిలేసి ఉంటే ప్లగ్‌కు కరెంటు అందదు. పెట్రోల్ ట్యాప్ తెరిచి ఉందా, చల్లటి ఇంజన్‌కు చోక్ వేశారా చూసుకోండి. రబ్బరు బుడగ ఉన్న మెషిన్ అయితే పుస్తకంలో చెప్పినన్ని సార్లు నిదానంగా నొక్కండి. బుడగ పగిలి ఉంటే గాలి పీలుస్తుంది తప్ప పెట్రోల్ రాదు.

తర్వాత పెట్రోల్. స్టార్ట్ కాని మోవర్లలో ఎక్కువ వాటికి జబ్బు ఇక్కడే. ట్యాంకులో నెల దాటిన పెట్రోల్‌లో తేలికగా ఆవిరయ్యే భాగం పోతుంది, మండే గుణం తగ్గుతుంది. ఇథనాల్ కలిసిన పెట్రోల్ అయితే గాలిలోని తేమను పీల్చుకుంటుంది. ఆ నీళ్లు బరువు గనక కార్బొరేటర్ అడుగున ఉండే ఫ్లోట్ గిన్నెలో చేరతాయి. కొంచెం పెట్రోల్ గాజు సీసాలోకి తీసి చూడండి. పుల్లటి వార్నిష్ వాసన, ముదురు రంగు, అడుగున వేరుగా నిలిచే బిందువులు, వీటిలో ఏది కనిపించినా మొత్తం పారబోసి తాజాది పోయాల్సిందే. పాతదానిలో కొత్తది కలిపితే కొత్తది కూడా పాడవుతుంది. ఫ్లోట్ గిన్నె అడుగు బోల్టు వదులు చేసి అందులోదీ దించేయండి. ఇదంతా ఆరుబయట, నిప్పుకు దూరంగా, ఇంజన్ చల్లగా ఉన్నప్పుడే.

పెట్రోల్ తాజాదే అయితే ప్లగ్ విప్పండి. దాని కొన చూస్తే లోపల ఏం జరుగుతోందో తెలుస్తుంది. లేత గోధుమ రంగులో ఉంటే అంతా సరే. తడిసి పెట్రోల్ వాసన వస్తుంటే ఓవర్‌ఫ్లో అయింది: ప్లగ్ తుడిచి ఆరబెట్టి, చోక్ తీసేసి, పది పదిహేను నిమిషాలు ఆగి, చోక్ లేకుండానే లాగండి. ఎన్నో లాగుళ్ల తర్వాత కూడా పొడిగానే ఉంటే పెట్రోల్ సిలిండర్ దాకా రావడమే లేదు, కార్బొరేటర్‌లో పెట్రోల్ వెళ్లే సన్నటి రంధ్రపు మర (జెట్) గానీ, ఫ్లోట్ గిన్నెలోకి పెట్రోల్ వదిలే సూది వాల్వ్ గానీ మూసుకుపోయింది. పొడి నల్ల మసి పడితే ఎయిర్ ఫిల్టర్ మూసుకుంది, లేదా చోక్ పూర్తిగా తెరుచుకోవడం లేదు. ఎలక్ట్రోడ్ల మధ్య ఖాళీ చాలా మోవర్ ఇంజన్లకు 0.7 నుంచి 0.8 మిల్లీమీటర్లు. ఫీలర్ గేజ్ పెట్టి సరిచేయండి. తిరిగి బిగించేటప్పుడు మరలు చేత్తోనే పూర్తిగా ఎక్కించి, ప్లగ్ కూర్చున్నాక స్పానర్‌తో కొత్త ప్లగ్‌కు అర చుట్టు, పాతదానికి ఎనిమిదో వంతు నుంచి పావు చుట్టు. అల్యూమినియం సిలిండర్ హెడ్‌లో మర ఒకసారి పాడైతే చిన్న ఖర్చుతో పోదు.

నిప్పురవ్వ పరీక్షకు స్పార్క్ టెస్టర్ వాడటమే మంచిది. అది లేకపోతే ప్లగ్‌కు క్యాప్ తగిలించి, ఇన్సులేషన్ ఉన్న కటింగ్ ప్లయర్‌తో పట్టుకుని, దాని మరల భాగాన్ని ఇంజన్ లోహానికి ఆనించాలి. ప్లగ్ రంధ్రానికి దగ్గరగా కాదు, అక్కడి నుంచి పెట్రోల్ ఆవిరి చిమ్ముతుంది. ఇంకొకరు లివర్ నొక్కి తాడు లాగాలి. నీలిరంగు రవ్వ టప్‌మని రావాలి. రాకపోతే కొత్త ప్లగ్‌తో చూడండి. అప్పటికీ లేకపోతే, కాయిల్ నుంచి బ్రేక్ దగ్గరికి వచ్చే, ఇంజన్‌ను ఆపే సన్నటి వైరు ఎక్కడైనా ఒరుసుకుని లోహానికి తగులుతోందేమో వెతకండి. కాయిల్ మార్చాలని తేల్చే ముందు ఇది చూడటం ముఖ్యం. కాయిల్‌కూ ఫ్లైవీల్‌కూ మధ్య ఖాళీ చాలా ఇంజన్లలో 0.25 మిల్లీమీటర్ల దరిదాపుల్లో ఉంటుంది. అక్కడ తుప్పు పట్టి ఉంటే సన్నటి ఎమరీ కాగితంతో తుడవండి.

స్టార్ట్ అవుతుంది, కాసేపటికి ఆగిపోతుంది

ఆగిన వెంటనే ట్యాంకు మూత తిప్పి తీయండి. గాలి లోపలికి పీల్చుకున్న శబ్దం వచ్చి, మళ్లీ స్టార్ట్ అయితే మూతలోని గాలి రంధ్రం మూసుకుపోయింది. శుభ్రం చేయండి, లేదంటే మూత మార్చండి. మూత వదులుగా పెట్టి నడపడం ప్రమాదం.

వేడెక్కాకే ఆగి, చల్లారాక మాత్రమే స్టార్ట్ అవుతుంటే ఆగిన మరుక్షణమే నిప్పురవ్వ చూడాలి. వేడిలో రవ్వ రాక, చల్లారాక వస్తే కాయిల్ లోపలి చుట్టు తెగుతోంది, మార్చడం తప్ప మార్గం లేదు. రవ్వ బాగానే ఉంటే పైకవర్ విప్పి సిలిండర్ రెక్కల మధ్య చూడండి. అక్కడ ఎండు గడ్డి దట్టంగా పేరుకుని గాలి ఆడకుండా చేస్తుంది. పుల్లతో, బ్రష్‌తో తీసేయండి, వేడి ఇంజన్ మీద నీళ్లు కొట్టకండి.

ఇంజన్ లేస్తూ పడుతూ ఉంది

వేగం పెరగడం, తగ్గడం, మళ్లీ పెరగడం. ఇంజన్ వేగాన్ని నిలకడగా ఉంచే గవర్నర్ చెడిపోయిందని దాని స్ప్రింగ్ సాగదీసేవాళ్లు చాలామంది. నిజానికి గవర్నర్ తన పని తాను చేస్తోంది. పెట్రోల్ తక్కువై వేగం పడిపోతుంటే ఇంజన్‌లోకి మిశ్రమాన్ని వదిలే తలుపు (త్రాటిల్) తెరుస్తోంది, వేగం అందుకోగానే మూస్తోంది. పరీక్ష సులభం: చోక్ కొద్దిగా వేసి చూడండి. అప్పుడు ఇంజన్ నిలకడగా నడిస్తే మిశ్రమంలో పెట్రోల్ చాలడం లేదని ఖాయం.

కారణం చాలాసార్లు జెట్‌లో గట్టిపడిన పాత పెట్రోల్ జిగురు. ఫ్లోట్ గిన్నె విప్పి, మెయిన్ జెట్‌ను, దాని వెనక ఉండే సన్నటి రంధ్రాల ఇత్తడి గొట్టాన్ని బయటికి తీయండి. వెలుతురుకు ఎత్తి చూస్తే ప్రతి రంధ్రం గుండ్రంగా కనిపించాలి. కార్బొరేటర్ క్లీనర్‌లో నానబెట్టి, కరెంటు వైరులోని ఒక్క రాగి పోగుతో పొడవండి. సూది గానీ డ్రిల్ గానీ వద్దు, రంధ్రం రవ్వంత పెద్దదైనా మిశ్రమం శాశ్వతంగా మారిపోతుంది. క్లీనర్ చిమ్మేటప్పుడు కళ్లద్దాలు తప్పనిసరి. జెట్లు శుభ్రంగా ఉన్నా ఈ లేస్తూ పడటం పోకపోతే కార్బొరేటర్‌కూ ఇంజన్‌కూ మధ్య గ్యాస్కెట్ నుంచి గాలి లోపలికి పోతోంది, గ్యాస్కెట్ మార్చండి.

గవర్నర్ స్ప్రింగ్ ముట్టుకోవద్దని ఎందుకంటున్నామంటే, బ్లేడు కొన వేగానికి ఒక హద్దు ఉంది. అమెరికా ప్రమాణంలో అది నిమిషానికి 19,000 అడుగులు. ఇంజన్‌ను అంతకు మించి తిప్పితే బ్లేడు ముక్కలై ఎగిరే ప్రమాదం ఉంది.

రాయి లేదా మొద్దు తగిలాక: వణుకు, తాడు వెనక్కి తన్నడం

వణుకు మొదలైతే ఆ క్షణమే ఆపండి. కాస్త కోసి ఆపుదామనుకోవద్దు. ప్లగ్‌ను పూర్తిగా విప్పేసి, క్యాప్‌ను పక్కకు పెట్టి, మెషిన్ వాల్చి బ్లేడు బోల్టు, పగుళ్లు, వంపు చూడండి. తర్వాత బ్లేడును కప్పి ఉండే లోహపు తొడుగు (డెక్కు) అంచు మీద ఒక గుర్తు పెట్టి, బ్లేడు ఒక కొన నుంచి ఆ గుర్తుకు ఎంత దూరమో కొలవండి. బ్లేడును సగం చుట్టు తిప్పి రెండో కొననూ అక్కడే కొలవండి. ఇందుకు మందపాటి చేతితొడుగులు కావాలి, బ్రేక్ వదలడానికి లివర్ ఒకరు పట్టుకోవాలి. కొలతలు తేడా వస్తే కొత్త బ్లేడు బిగించి మళ్లీ కొలవండి. అప్పటికీ తేడా ఉంటే క్రాంక్ షాఫ్ట్ వంగింది. వంగిన షాఫ్ట్‌ను సుత్తితో సరిచేసి వాడటం అసలు చేయకూడదు, అది విరిగే రోజు బ్లేడుతో సహా ఊడుతుంది.

వణుకు లేదు గానీ తాడు చేతిలోంచి వెనక్కి లాక్కుంటోంది, పఠ్‌మని పేలుతోంది, స్టార్ట్ కావడం లేదు అంటే ఫ్లైవీల్ కీ, అంటే ఫ్లైవీల్ షాఫ్ట్ మీద జరగకుండా పట్టే చిన్న ముక్క, తెగి ఉండొచ్చు. దెబ్బ తగిలినప్పుడు షాఫ్ట్‌కు బదులు తాను తెగేలా చాలా ఇంజన్లలో దాన్ని మెత్తటి లోహంతో చేస్తారు. సగం తెగినా ఫ్లైవీల్ కొద్దిగా జరిగి నిప్పురవ్వ వచ్చే సమయం (టైమింగ్) తప్పుతుంది. ఫ్లైవీల్ నట్టు విప్పి పై నుంచి చూస్తే షాఫ్ట్ గాడీ, ఫ్లైవీల్ గాడీ ఎదురెదురుగా ఉండాలి. లేకపోతే కంపెనీ చెప్పిన కీనే కొత్తది వేయండి. దాని స్థానంలో గట్టి ఉక్కు ముక్క చెక్కి పెడితే వచ్చే దెబ్బకు షాఫ్టే వంగుతుంది.

పొగ

నల్ల పొగ అంటే పెట్రోల్ ఎక్కువ, గాలి తక్కువ. ఫిల్టర్ తీసి చూడండి. స్పాంజి ఫిల్టర్‌ను సబ్బు నీళ్లలో ఉతికి, పూర్తిగా ఆరనిచ్చి, కొన్ని చుక్కల ఇంజన్ ఆయిల్ వేసి పిండి పెట్టాలి. కాగితం ఫిల్టర్‌ను గట్టి నేల మీద మెల్లగా తట్టాలి, నల్లబడితే మార్చాలి. ఫిల్టర్ లేకుండా నడపొద్దు.

తెల్ల లేక నీలి పొగ అంటే ఆయిల్ మండుతోంది. ఈ మధ్యే మెషిన్‌ను తప్పు వైపు వాల్చి ఉంటే కొద్దిసేపట్లో తగ్గుతుంది. తగ్గకపోతే ఆయిల్ మట్టం ఎక్కువుందేమో చూడండి. రెండూ కాకపోతే పిస్టన్ రింగులు అరిగాయి.

తాడు అసలు కదలడం లేదు

ప్లగ్ విప్పి లాగండి. అప్పుడు సులువుగా వచ్చి రంధ్రంలోంచి ఆయిల్ చిమ్మితే సిలిండర్లో ఆయిల్ నిండింది. మొహం పక్కకు పెట్టండి. ప్లగ్ తీసినా రాకపోతే బ్లేడు చుట్టూ గడ్డి బిగిసిందేమో, బ్రేక్ వదులుతోందో లేదో చూడండి. అన్నీ సరిగ్గా ఉండి కూడా కదలకపోతే ఇంజన్ పట్టేసింది. తాడు వచ్చి వెనక్కి చుట్టుకోకపోతే రీకాయిల్ స్ప్రింగ్ సంగతి. ఆ స్ప్రింగ్ విప్పేటప్పుడు కొరడాలా బయటికి వస్తుంది, అనుభవం లేకుంటే మొత్తం స్టార్టర్ కవరే మార్చుకోండి.

గడ్డి తెగదు, చిరుగుతుంది

గడ్డి కొనలు పీచులా తెల్లబడి ఉంటే బ్లేడు మొద్దుబారింది. సుమారు 25 గంటల వాడకానికి ఒకసారి పదును పెట్టాలి. పాత వాలునే, దాదాపు 30 డిగ్రీలు, ఉంచుతూ పైవైపు నుంచే ఆకురాయితో రాయండి. రేజర్ అంచు అక్కర్లేదు, అంత సన్నటి అంచు మొదటి రాయికే మడత పడుతుంది. తర్వాత గోడకు కొట్టిన మేకు మీద మధ్య రంధ్రంతో వేలాడదీయండి. దిగిన వైపే బరువు, అటు ఇంకొంచెం రాయాలి. బిగించేటప్పుడు బ్లేడు చివర వంగిన రెక్కలు పైకి, డెక్కు వైపు ఉండాలి. తిరగేసి బిగిస్తే కొట్టడమే గాని కోయదు. బోల్టును పుస్తకంలో చెప్పిన టార్క్‌కు టార్క్ రెంచ్‌తోనే బిగించండి.

పదును బాగానే ఉన్నా కోత ఎగుడుదిగుడుగా వస్తే నాలుగు చక్రాల ఎత్తు ఒకటేనా చూడండి. ముద్దలు ముద్దలుగా పడుతుంటే గడ్డి తడిగా ఉంది, లేదా ఒకేసారి ఎక్కువ కోస్తున్నారు. గడ్డి ఎత్తులో మూడో వంతుకు మించి ఒక్కసారి తీయొద్దు. డెక్కు లోపల పేరుకున్న పొరను ప్రతి కోత తర్వాత చెక్క ముక్కతో గీకేయండి.

లివర్ వదిలినా బ్లేడు తిరుగుతూనే ఉంది

ఈ మెషిన్ వాడకండి. అమెరికాలో 1982 నుంచి తయారైన చేతి మోవర్లలో లివర్ వదిలిన 3 సెకన్లలో బ్లేడు ఆగాలనేది నిబంధన. మీ మెషిన్ ఎక్కడ తయారైనా అదే కొలతగా పెట్టుకోండి. కేబుల్ సాగితే సరిచేయొచ్చు, బ్రేక్ ప్యాడ్ అరిగితే మార్చాలి. లివర్‌ను తాడుతో హ్యాండిల్‌కు కట్టేసి నడపడం ఎవరు చేసినా ఆపించండి. కాలు జారినప్పుడు కాపాడేది ఆ లివరే.

నడిపేటప్పుడు, దాచేటప్పుడు

కోసే ముందు రాళ్లు, తీగలు, ఎముకలు ఏరేయండి. మూసిన బూట్లు, పొడవు ప్యాంటు, కళ్లద్దాలు, చెవి రక్షణ వేసుకోండి. పిల్లల్ని ఆ చుట్టుపక్కలకు రానివ్వకండి. వాలు మీద అడ్డంగా నడవాలి, పైకీ కిందికీ కాదు. 15 డిగ్రీలు మించిన వాలు మీద వాడకండి. షెడ్డులో ఇంజన్ నడపకండి, కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు.

ఆయిల్ మొదటిసారి 5 గంటలకు, ఆ తర్వాత 50 గంటలకు లేదా ఏడాదికోసారి, ఇంజన్ గోరువెచ్చగా ఉన్నప్పుడు మార్చండి. నెలకు మించి మూలన పెట్టేటట్టయితే ట్యాంకు ఖాళీ చేసి, ఇంజన్ తనంతట ఆగేదాకా నడిపి కార్బొరేటర్‌లోనూ చుక్క మిగలకుండా చేయండి. చల్లారాక ప్లగ్ విప్పి, సిలిండర్లో ఒక టీస్పూన్ ఇంజన్ ఆయిల్ వేసి, రంధ్రం మీద గుడ్డ కప్పి తాడు రెండుసార్లు మెల్లగా లాగి, ప్లగ్ బిగించండి. చివరగా, తాడును బరువు తగిలేదాకా లాగి అక్కడ వదిలేస్తే వాల్వులు రెండూ మూసుకుని ఉంటాయి, లోపలికి తేమ పోదు.