ప్యూర్ డేటా మాడ్యూల్‌ని సోర్స్ ఇవ్వకుండా అమ్మబోయి...

ధ్వని, సంగీతం కోసం వాడే ప్యూర్ డేటా అనే ప్రోగ్రామింగ్ సాఫ్ట్‌వేర్ కోసం ఒక రివర్బ్ ఎక్స్‌టర్నల్ (ధ్వనికి ప్రతిధ్వని చేర్చే అదనపు మాడ్యూల్) రాశాను. రెండేళ్ల కష్టం, అందుకే సోర్స్ కోడ్ ఇవ్వకుండా అమ్ముదామనుకున్నాను. ప్యూర్ డేటాని సృష్టించిన మిల్లర్ పకెట్ దాన్ని బీఎస్‌డీ లైసెన్స్ (సోర్స్ బయటపెట్టాలనే షరతు లేనిది) కింద ఇచ్చారు కాబట్టి అటువైపు నుంచి అడ్డేమీ లేదు.

రిలీజ్‌కి రెండు రోజుల ముందు లినక్స్‌లో ఎల్‌డీడీ కమాండ్ (ప్రోగ్రాం ఏ లైబ్రరీలు వాడుతుందో చూపేది) కొట్టి చూస్తే, జాబితాలో ఎఫ్‌ఎఫ్‌టీడబ్ల్యూ అనే, ధ్వనిని పౌనఃపున్యాలుగా విడగొట్టే లైబ్రరీ కనిపించింది. గుండె జారిపోయింది. అది జీపీఎల్ లైసెన్స్ కింద ఉంది. దాన్ని కలిపి పంచితే నా సోర్స్ కూడా బయటపెట్టాలి, లేదంటే అది పుట్టిన ఎంఐటీ విశ్వవిద్యాలయం దగ్గర వాణిజ్య లైసెన్స్ కొనాలి. అంత డబ్బు నా దగ్గర లేదు. చూసీచూడనట్టు వదిలేయడానికి మనసొప్పలేదు. ఆ లైబ్రరీ రాసినవాళ్ల షరతు అది.

చివరికి అదే పని చేసే, బీఎస్‌డీ లైసెన్స్ ఉన్న కిస్ ఎఫ్‌ఎఫ్‌టీకి మారాను. అనుకున్నంత పని పట్టలేదు. ఎఫ్‌ఎఫ్‌టీడబ్ల్యూలో సంకీర్ణ సంఖ్య రెండు గడుల అర్రే. కిస్ ఎఫ్‌ఎఫ్‌టీలో ఆర్, ఐ అనే రెండు ఫీల్డులు. ఆ చోట్లన్నీ మార్చాను. మెమరీ తీసుకునే అలాక్ పిలుపుని మాత్రం ఆడియో నడిచే పెర్ఫార్మ్ ఫంక్షన్‌లో పెట్టకండి, ఆడియో మొదలయ్యే ముందు నడిచే డీఎస్‌పీ మెథడ్‌లో పెట్టండి. నేను మొదట తప్పు చోట పెడితే ధ్వని టక్‌టక్‌మని తెగింది. వేగం కాస్త తగ్గింది, కానీ రివర్బ్‌కి సరిపోయింది. కిస్ ఎఫ్‌ఎఫ్‌టీ కాపీరైట్ నోటీసు, లైసెన్స్ పాఠం జిప్‌లో చేర్చాను.

మ్యాక్‌లో మాత్రం "కుడెంట్ క్రియేట్" (సృష్టించలేకపోయాను) అని ఎర్రర్ వచ్చింది. ఇంటెల్ ప్రాసెసర్‌కి మాత్రమే బిల్డ్ చేశాను మరి. కొత్త మ్యాక్‌లలో ఉండే ఆర్మ్ ప్రాసెసర్‌కి కూడా కలిపి బిల్డ్ చేసి, డిజిటల్ సంతకం, నోటరైజేషన్ (ఆపిల్ చేసే తనిఖీ) పూర్తిచేశాక తెరుచుకుంది.