ఎయిలరాన్, ఎలివేటర్ బ్యాలెన్స్ చూసే ముందు

బర్ట్ రూటన్ డిజైన్ లాంగ్-ఈజీ లాంటి ఫోమ్, ఫైబర్‌గ్లాస్ విమానాన్ని సొంతంగా కడుతున్నవాళ్లకు. ఎయిలరాన్ అంటే రెక్క వెనక అంచున ఉండి విమానాన్ని పక్కలకు వంచే పలక, ఎలివేటర్ అంటే ముక్కును పైకీ కిందికీ తిప్పే పలక. పలకను కీలు దగ్గర వేలాడదీసి, బరువు ముందుకు వాలుతుందా వెనక్కా అని చూడటమే బ్యాలెన్స్ చూడటం.

- రంగు వేసి, పూర్తిగా ఆరాకే చూడండి. పుట్టీ, పెయింట్ బరువు చాలావరకు కీలు వెనకే చేరుతుంది. రంగుకు ముందు సరిపోయింది కదా అని వదిలేయకండి. వెనక అంచు బరువెక్కితే వేగంలో ఫ్లట్టర్ (పలక అదుపు లేకుండా టపటపా కొట్టుకోవడం) మొదలై, ఎయిలరాన్ క్షణాల్లో ఊడిపోవచ్చు. నాకు అన్నిటికంటే ఎక్కువ టెన్షన్ దీని గురించే.

- పలక గాలికి కదలకుండా ఫ్యాన్ ఆపి, తలుపులు వేయండి.

- ప్లాన్‌లో చెప్పిన భాగాలన్నీ బిగించి ఉండాలి.

- కీలు పట్టేస్తే ఫలితం తప్పు. పలకను వేలితో మెల్లగా కదిపి వదలండి. ప్రతిసారీ అదే చోట ఆగాలి.

- వెనక బరువు తగ్గిద్దామని ఫైబర్‌గ్లాస్ పొర దాకా సాండింగ్ చేయొద్దు. ముందు వైపు బరువు పెంచండి.

- రిపేరు చేసినా, మళ్లీ రంగు వేసినా మళ్లీ చూడాల్సిందే.