రాత్రి రెండింటికి డాక్టరుకి ఫోన్ చేయాల్సి వస్తే

మా ఆస్పత్రిలో కొత్తగా చేరిన స్టాఫ్ నర్సులకు మొదటి వారం డ్యూటీ నేర్పేది నేనే. సర్జికల్ వార్డు ఇన్‌ఛార్జ్ సిస్టర్‌గా పదకొండేళ్లు, అంతకుముందు స్టాఫ్ నర్సుగా పదిహేనేళ్లు చేశాను. క్యాన్యులా పెట్టడం, డ్రెస్సింగ్ చేయడం, కేస్ షీట్ రాయడం పిల్లలు కాలేజీలో నేర్చుకునే వస్తారు. నేర్చుకోకుండా వచ్చేది మాట్లాడటం. సాఫ్ట్ స్కిల్స్ అనగానే చిరునవ్వు, ఇంగ్లిషు, ఇంటర్వ్యూలో కూర్చునే తీరు గుర్తొస్తాయి చాలామందికి. వార్డులో వాటితో పని జరగదు. మీ కంట పడిన విషయాన్ని, వినాల్సిన మనిషి విని వెంటనే లేచి వచ్చేలా చెప్పగలగాలి. ఇది పుట్టుకతో రాదు, నేర్చుకుంటే వస్తుంది.

నేనెలా నేర్చుకున్నానో ముందు చెబుతాను. ఉద్యోగంలో రెండో ఏడు, వేరే ఊళ్లో, నైట్ డ్యూటీ. పిత్తాశయం ఆపరేషన్ అయిన ఒక పెద్దాయన రాత్రి ఒంటిగంటకి చెమటలు పట్టి మంచం మీద అటూ ఇటూ మసులుతున్నారు. పల్స్ 124, బీపీ 90/60. సాయంత్రం 130/80 ఉంది. ఆపరేషన్ చేసిన చోటి నుంచి గొట్టం ద్వారా ద్రవం చేరే డ్రెయిన్ బ్యాగులో రక్తం. సర్జన్ గారికి ఫోన్ చేశాను. నిద్రలేపుతున్నానన్న భయంతో నా నోటి నుంచి వచ్చిన మాటలివి: “సార్, సారీ సార్, నాలుగో బెడ్ పేషెంట్ కొంచెం అదోలా ఉన్నారు సార్.” “సెలైన్ వెళ్తోందిగా, చూస్తూ ఉండండి” అని ఆయన పెట్టేశారు. నేను చూస్తూనే ఉన్నాను. నాలుగున్నరకి మళ్లీ ఫోన్ చేసేసరికి బీపీ అందడం లేదు. పెద్దాయన బతికారు. కానీ మళ్లీ ఆపరేషన్ థియేటర్‌కి తీసుకెళ్లారు, తొమ్మిది రోజులు ఐసీయూలో ఉన్నారు. ఆ అంకెలన్నీ నా చేతిలో కాగితం మీదే ఉన్నాయి. ఒక్కటీ ఫోన్‌లో చెప్పలేదు.

అందుకే నేను ముందు నేర్పేది ఫోన్ చేయడం. దీనికో పద్ధతి ఉంది, ఎస్‌బార్ అంటారు. అమెరికా నౌకాదళం జలాంతర్గాముల్లో వాడిన పద్ధతి అది. 2000 తర్వాత అక్కడి కైజర్ పర్మనెంటే ఆస్పత్రులు దాన్ని వైద్యానికి తగ్గట్టు మార్చుకున్నాయి. నాలుగే మెట్లు: ఇప్పుడు ఏం జరుగుతోంది, దీనికి ముందు సంగతి ఏమిటి, నాకేమనిపిస్తోంది, మీరేం చేయాలి. ఆ రాత్రి నేను మాట్లాడాల్సింది ఇలా:

“సార్, సర్జికల్ వార్డు నుంచి నైట్ సిస్టర్‌ని. నాలుగో బెడ్ పేషెంట్‌కి బీపీ 90/60, పల్స్ 124. నిన్న మధ్యాహ్నం మీరు పిత్తాశయం ఆపరేషన్ చేశారు. సాయంత్రం ఆరింటికి బీపీ 130/80, పల్స్ 84. నాలుగు గంటల్లో డ్రెయిన్‌లో 250 మిల్లీలీటర్ల రక్తం వచ్చింది, యూరిన్ 60 మిల్లీలీటర్లే. లోపల బ్లీడింగ్ అవుతోందేమోనని నా అనుమానం. మీరు వచ్చి చూడాలి సార్. డ్యూటీ డాక్టర్‌ని పిలిచాను. రక్తం క్రాస్ మ్యాచ్‌కి పంపమంటారా?”

గట్టిగా చదివితే అరనిమిషం. క్రాస్ మ్యాచ్ అంటే ఎక్కించబోయే రక్తం పేషెంట్‌కి సరిపోతుందో లేదో చూసే పరీక్ష. ఇందులో సారీ లేదని చూడండి. ఫోన్ తీసే ముందే అంకెలు కాగితం మీద రాసుకోండి, కేస్ షీట్ చేతిలో పెట్టుకోండి. వాడుతున్న మందులేవో, అలర్జీ ఉందో లేదో ఆయన అడిగితే “ఉండండి సార్, చూసి చెబుతాను” అనే పరిస్థితి రాకూడదు.

మనవాళ్లకి కష్టంగా ఉండేది నాలుగో మెట్టు. “డాక్టర్‌గారికి నేను చెప్పడమేంటి?” అంటారు. పెద్దవాళ్ల ముందు నోరెత్తకూడదని పెంచారు మనల్ని. ఆ గౌరవాన్ని వదులుకోమని నేను అనను. “సార్” అనే మాట ఉంచండి, “మీరు రావాలి” అనే మాటా ఉంచండి. 1978 డిసెంబర్ 28న అమెరికాలోని పోర్ట్‌లాండ్ దగ్గర యునైటెడ్ ఎయిర్‌లైన్స్ విమానం 173 గాల్లోనే ఇంధనం అయిపోయి కూలింది. పదిమంది చనిపోయారు. కెప్టెన్ ధ్యాసంతా ల్యాండింగ్ గేర్ మీదే ఉంది. ఇంధనం తగ్గిపోతోందని తోటి సిబ్బందికి తెలుసు, ఆ మాట అన్నారు కూడా. కెప్టెన్‌కి గట్టిగా తగిలేలా అనలేదు. ఆ మరుసటి ఏడే నాసా దీని మీద వర్క్‌షాప్ పెట్టింది. పైవాడికి కిందివాడు ఎలా చెప్పాలో, పైవాడు ఎలా వినాలో పైలట్లకు శిక్షణ ఇవ్వడం అక్కడి నుంచే ఊపందుకుంది. నా “అదోలా ఉన్నారు సార్” కూడా అలాంటి మాటే.

చెప్పినా వినకపోతే? ఒకసారి కాదంటే వదిలేయకండి. రెండోసారి ఇంకోలా చెప్పండి: “సార్, నాకు ఈ పేషెంట్ గురించి భయంగా ఉంది, ఉదయం దాకా ఆగేలా లేరు.” అప్పటికీ కదలకపోతే నైట్ సూపర్‌వైజర్‌కి, తర్వాత పై డాక్టర్‌కి చెప్పండి. ఎన్నింటికి ఎవరికి ఫోన్ చేశారో, వాళ్లేమన్నారో కేస్ షీట్‌లో రాయండి. అది ఫిర్యాదు కాదు, పేషెంట్ పక్షాన మీరు చేసిన పని.

ఫోన్‌లో చెప్పిన ఆర్డర్‌ని రాసుకుని తిరిగి చదివి వినిపించండి. ఫిఫ్టీన్, ఫిఫ్టీ ఫోన్‌లో ఒకేలా వినిపిస్తాయి. “ఒకటి ఐదు, పదిహేనే కదా సార్?” అని అంకెలు విడగొట్టి అడగండి. ఇన్సులిన్ విషయంలో మరీను. విసుక్కునే డాక్టర్లూ ఉంటారు, విసుక్కోనివ్వండి.

డ్యూటీ మారేటప్పుడు ఓవర్ ఇచ్చేది, అంటే పేషెంట్ల సంగతులు తర్వాతి సిస్టర్‌కి అప్పజెప్పేది, కౌంటర్ దగ్గర నిలబడి కాదు, మంచం పక్కన. అయిన పనులకంటే ముందు మిగిలిపోయిన పనులు చెప్పండి: రావాల్సిన రిపోర్టు, ఆపిన మందు, పదింటికి స్కాన్. బస్సు టైమైందని తొందరగా చెప్పేసిన ఓవరే మధ్యాహ్నం మందు తప్పిపోవడానికి కారణమవుతుంది.

ఇక వినడం. పేషెంట్ పుస్తకంలో మాట అనడు. “గాబరాగా ఉంది” అంటే ఒకరికి గుండె దడ, ఇంకొకరికి ఊపిరాడకపోవడం, మరొకరికి ఉత్త టెన్షన్. “పానం మంచిగ లేదు” అన్నవాళ్లకి ఏమైనా అయుండొచ్చు. వెంటనే అర్థమైనట్టు తలూపకండి. “ఎక్కడుందో చెయ్యి పెట్టి చూపించండి, పడుకుంటే ఎక్కువవుతోందా?” అని అడగండి. మా వార్డులో కేరళ నుంచి వచ్చిన ఒక సిస్టర్ ఈ మాటలన్నీ చిన్న నోట్‌బుక్‌లో రాసుకుని నేర్చుకుంది. ఆమెతోనే పేషెంట్లు ఎక్కువ మనసు విప్పి మాట్లాడేవాళ్లు.

అందరినీ “మీరు” అనండి. స్పెషల్ రూమ్‌లో వాళ్లకి “మీరు”, జనరల్ వార్డులో కూలి పని చేసుకునే ముసలాయనకి “నువ్వు” అనడం మన ఆస్పత్రుల్లో ఉన్న జబ్బు. నాకిది చాలా బాధగా ఉంటుంది. “ఆరో బెడ్” అని పిలవకండి, ఆయనకో పేరుంది.

పేషెంట్ వెంట ఉండే అటెండర్లతో గొడవలు ఎక్కువగా “ఇప్పుడే వస్తారు” అన్న మాట దగ్గరే మొదలవుతాయి. డాక్టర్ థియేటర్‌లో ఉంటే అదే చెప్పండి: “ఆపరేషన్‌లో ఉన్నారండీ, పన్నెండు దాటొచ్చు. పదకొండున్నరకి మళ్లీ కనుక్కుని నేనే వచ్చి చెబుతాను.” పదకొండున్నరకి కొత్త సంగతి ఏమీ లేకపోయినా వెళ్లి లేదనే చెప్పండి. “కంగారు పడకండి” అనేకంటే దీనివల్లే వాళ్ల కంగారు తగ్గుతుంది.

విదేశాలకు వెళ్లాలనుకునే పిల్లలు ఇదంతా ఎందుకని అడుగుతుంటారు. యూకే వెళ్లే నర్సులు రాసే ఓఈటీ అనే ఇంగ్లిషు పరీక్షలో స్పీకింగ్ అంటే రెండు రోల్ ప్లేలు. ఒక్కోటీ సుమారు ఐదు నిమిషాలు. ఎదురుగా ఉన్న మనిషి పేషెంట్‌లానో, వాళ్ల ఇంటి మనిషిలానో మాట్లాడతారు. వాళ్ల భయాన్ని మీరు అడిగి తెలుసుకున్నారా, అర్థమయ్యేలా చెప్పారా అన్నదానికీ అక్కడ మార్కులుంటాయి. ఇక్కడ వార్డులో అలవాటైతే అక్కడ కొత్తగా ఉండదు.

అభ్యాసానికి రోజూ పది నిమిషాలు చాలు. మధ్యాహ్నం మూడు, నాలుగు మధ్య వార్డు కాస్త తెరిపిన పడుతుంది. అప్పుడు ఇద్దరు కూర్చోండి. ఒకరు నిద్రమత్తులో విసుక్కునే డాక్టర్, ఒకరు నైట్ సిస్టర్. నిజమైన కేస్ షీట్ ముందు పెట్టుకుని అరనిమిషంలో చెప్పండి. రెండోవాళ్లు “చూస్తూ ఉండండి” అనాలి, మీరు మళ్లీ చెప్పాలి. మొదట్లో గొంతు వణుకుతుంది. మా వార్డు ఫోన్ పక్కన ఒక అట్ట అతికించి ఉంది. దాని మీద నాలుగు గీతలు, దారంతో కట్టిన పెన్సిల్. ఫోన్ చేసే ముందు నింపుకుని, అయ్యాక చెరిపేసి, తర్వాతివాళ్ల కోసం ఖాళీగా ఉంచుతాం.