ఆదివారం రెండు గంటల పనితో వారమంతా ఇంటి వంట ఎలా?

రాత్రి ఎనిమిదింటికి హైటెక్ సిటీ ట్రాఫిక్ దాటుకుని ఇల్లు చేరాక ఉల్లిపాయ కోయడానికి కూడా ఓపిక ఉండదు. ఫోన్ తీసి ఏదో ఒకటి ఆర్డర్ పెట్టేస్తాం. వారంలో ఒకరోజైతే ఏం కాదు. నాలుగు రోజులైతే కడుపుకీ భారం, జేబుకీ భారం.

మొదట్లో నేను ఆదివారమే ఐదు కూరలు వండి డబ్బాల్లో సర్దేదాన్ని. బుధవారానికి బీరకాయ కూర నీళ్లు వదిలేసేది, గురువారం వంకాయ కూర ఎవరూ ముట్టేవారు కాదు. మన కూరల రుచి సగం వేడి పోపులోనే ఉంటుంది, ఆ వాసన ఫ్రిజ్‌లో నిలవదు. అందుకే ఇప్పుడు కూరలు దాచను, వాటి వెనక ఉండే పని చేసి దాస్తాను. పప్పు ఉడికి ఉంటుంది, చింతపండు గుజ్జు తీసి ఉంటుంది, కూరగాయలు కోసి ఉంటాయి. రోజూ మిగిలేది అన్నం, పోపు. ఇరవై నిమిషాల్లో అయిపోతుంది.

ముందు కూరగాయలు

శనివారం సాయంత్రం గానీ ఆదివారం పొద్దున్నే గానీ రైతు బజార్‌కి వెళ్లండి. ఎర్రగడ్డ, మెహిదీపట్నం, ఏది దగ్గరైతే అది. ఏ రోజు ఏం వండాలో ముందే అనుకుని కొనండి. తొందరగా వాడిపోయేవి ముందు తినాలి. ఆకుకూరలు సోమ, మంగళవారాలకి. బెండ, బీర బుధవారానికి. దొండ, క్యాబేజీ, ఆలుగడ్డ గురు, శుక్రవారాలకి.

ఆకుకూర కడిగి దాచకండి, తడికి కుళ్లిపోతుంది. వేర్లు కోసేసి పొడి కాగితంలో చుట్టి పెట్టండి, వండేముందు కడగండి. కొత్తిమీరకీ అదే పద్ధతి. దొండకాయ, క్యాబేజీ, బీన్స్ కోసి మూత గట్టిగా ఉన్న డబ్బాలో పెడితే రెండు, మూడు రోజులు ఆగుతాయి కాబట్టి గురువారానివి మంగళవారం రాత్రి కోసుకోవచ్చు. బెండకాయ మాత్రం కడిగి, తుడిచి, పూర్తిగా ఆరాకే కోయాలి. వంకాయ, ఆలుగడ్డ కోస్తే నల్లబడతాయి, వాటిని ఆ పూటకే వదిలేయండి.

కుక్కర్‌లో పప్పు

నలుగురున్న ఇంట్లో రెండు గ్లాసుల కందిపప్పు దాదాపు మూడు పూటలకి వస్తుంది. అరగంట నానబెట్టి, మూడింతల నీళ్లు, చిటికెడు పసుపు, చుక్క నూనె వేసి నాలుగు విజిల్స్ రానివ్వండి. కుక్కర్ సగానికి మించి నింపకండి, పప్పు పొంగి విజిల్‌కి అడ్డం పడుతుంది. ఉప్పు, పులుపు ఏమీ వేయకుండా ఉత్త పప్పునే ఎనిపి మూడు డబ్బాల్లో పెట్టండి. సోమవారం అందులో పాలకూర కలిస్తే పాలకూర పప్పు, బుధవారం టమాటా పప్పు, గురువారం పప్పుచారు. ఒకే పప్పని ఇంట్లో ఎవరికీ అనిపించదు. మొదటి రెండు డబ్బాలు ఫ్రిజ్‌లో, గురువారానిది ఫ్రీజర్‌లో ఉండాలి. దాన్ని బుధవారం రాత్రి కిందకి దించి ఫ్రిజ్‌లో పెట్టుకుంటే చాలు.

ఇక్కడ ఒక జాగ్రత్త ఉంది, దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు. ఉడికిన పప్పు గిన్నెతో సహా స్టవ్ మీదే సాయంత్రం దాకా వదిలేస్తే పాడవడం అక్కడే మొదలవుతుంది. వెడల్పు గిన్నెలోకి వంచి, ఆ గిన్నెని చల్లనీళ్ల బేసిన్‌లో పెట్టి చల్లార్చండి. రెండు గంటల లోపు ఫ్రిజ్‌లోకి వెళ్లిపోవాలి, మే నెల ఎండల్లో అయితే గంటలోపే. ఫ్రిజ్ లోపల 5 డిగ్రీలు దాటకూడదు. కరెంటు పోతే తలుపు తీయకండి, మూసి ఉంచితే చల్లదనం నాలుగు గంటల వరకూ నిలుస్తుంది.

అన్నం మాత్రం ఏ రోజుది ఆ రోజే వండండి. బియ్యంలో బాసిల్లస్ సీరియస్ అనే బ్యాక్టీరియా బీజాలు ఉంటాయి, ఉడికినా చావవు. అన్నం బయట గంటలకొద్దీ ఉంటే అవి పెరిగి విషం తయారుచేస్తాయి. మళ్లీ వేడిచేసినా ఆ విషం పోదు. మిగిలిన అన్నాన్ని వెంటనే ఫ్రిజ్‌లో పెట్టి, మర్నాడు పొద్దున పులిహోరో, పోపన్నమో చేసేయండి.

పులుపు, మసాలా, పొడి

నూరు గ్రాముల చింతపండు వేడినీళ్లలో నానబెట్టి చిక్కగా గుజ్జు తీయండి. పసుపు, ఉప్పు, రెండు చెంచాల నూనె వేసి దగ్గరపడేదాకా ఉడికించండి. గాజు సీసాలో ఫ్రిజ్‌లో పెడితే రెండు వారాలు చక్కగా ఉంటుంది. తడి చెంచా పెట్టొద్దు. నాకు వారంలో అన్నిటికన్నా ఎక్కువ పనికొచ్చేది ఈ సీసానే. చారుకి ఒక చెంచా, పులుసుకి రెండు.

అల్లం, వెల్లుల్లి సమానంగా తీసుకుని కొంచెం ఉప్పు వేసి రుబ్బి, వారానికి సరిపడా ఫ్రిజ్‌లో, మిగిలింది ఐస్ ట్రేలో పోసి ఫ్రీజర్‌లో పెట్టండి. నాలుగు ఉల్లిపాయలు, ఆరు టమాటాలు నూనెలో మగ్గించి ముద్ద చేసి పెడితే మూడు, నాలుగు రోజులు ఉంటుంది. అందులో ఉడికించిన గుడ్లు వేస్తే గుడ్డు కూర అయిపోతుంది. గుడ్లు పెంకుతోనే ఉడికించి ఫ్రిజ్‌లో పెట్టుకోవచ్చు, వారం వరకూ బాగుంటాయి.

నెలకోసారి కందిపొడి చేయండి. కందిపప్పు, కొద్దిగా సెనగపప్పు, ఎండుమిరపకాయలు, జీలకర్ర దోరగా వేయించి, చల్లారాక వెల్లుల్లి, ఉప్పుతో పొడి కొట్టాలి. బాగా అలసిపోయిన రాత్రి వేడి అన్నంలో కందిపొడి, నెయ్యి, పక్కన పచ్చిపులుసు ఉంటే ఇంకేం కావాలి? పచ్చిపులుసుకి స్టవ్ కూడా అక్కర్లేదు. సీసాలోని గుజ్జు రెండు గ్లాసుల నీళ్లలో కలిపి, సన్నగా కోసిన ఉల్లిపాయ, పచ్చిమిర్చి, కొత్తిమీర, వేయించి పొడిచేసిన నువ్వులు, ఉప్పు వేయండి.

పొద్దున టిఫిన్

ఒక గ్లాసు మినప్పప్పుకి రెండు గ్లాసుల ఇడ్లీ రవ్వ. ఆదివారం మధ్యాహ్నం పప్పు నానబెట్టి సాయంత్రం రుబ్బండి. రవ్వ కడిగి, నీళ్లు పోయేలా గట్టిగా పిండేసి, రుబ్బిన పప్పులో కలపండి. ఎండాకాలంలో ఐదారు గంటల్లో పులుస్తుంది. అందుకని పడుకునే ముందు చూసి, పొంగితే ఫ్రిజ్‌లో పెట్టేయండి. డిసెంబర్ చలికి పన్నెండు గంటలైనా పట్టొచ్చు, గిన్నెకి దుప్పటి చుట్టండి. సోమ, మంగళవారాలు ఇడ్లీ. బుధవారానికి కాస్త పులుపెక్కుతుంది, ఉల్లిపాయ ముక్కలు చల్లి ఊతప్పం వేయండి.

శుక్రవారం పొద్దున మా ఇంట్లో ఖిచ్డీ, ఖట్టా. పాతబస్తీ ఇళ్లలో పొద్దున్నే తినేదే. బియ్యం, మసూర్ పప్పు, పసుపు, ఉల్లిపాయ కలిపి కుక్కర్ పెట్టేస్తాను. అది ఉడికేలోగా సీసాలో అడుగున మిగిలిన చింతపండు గుజ్జులో నువ్వుల పొడి, నీళ్లు, ఉప్పు కలిపి, ఎండుమిర్చి, జీలకర్ర, కరివేపాకు పోపు పెడితే ఖట్టా సిద్ధం. ఖాళీ సీసా కడిగి ఎండలో పెడతాను, ఆదివారానికి ఆరిపోతుంది.