ఆన్‌లైన్‌లో డి అండ్ డి – 5వ పాఠం: నవంబర్‌లో తప్పిన గంట

డి అండ్ డి (డంజన్స్ అండ్ డ్రాగన్స్, పాత్రలు పోషిస్తూ కథగా ఆడే ఆట)లో ఈసారి మ్యాప్‌లు నేర్పుతానన్నాను, కానీ అవి ఆగాలి. 4వ పాఠం చూసి ఆట మొదలుపెట్టిన చాలామందికి నవంబర్ రాగానే ఒకటే దెబ్బ తగిలింది. హైదరాబాద్‌లోని డీఎం (డంజన్ మాస్టర్, అంటే ఆట నడిపేవారు) ఆదివారం ఉదయం 8కి కూర్చుని, ఎవరూ రాక లేచిపోయారు. డాలస్ వాళ్ళు 9కి వచ్చారు. నిజానికి ఎవరూ టైమ్ తప్పలేదు.

డిస్కార్డ్ (మనం మాట్లాడుకునే యాప్) సర్వర్, రోల్20 (మ్యాప్, పాచికలు ఉండే వెబ్‌సైట్) ఖాతా మీకు వచ్చినవే, వాటి జోలికి వెళ్ళను.

మన గడియారం ఏడాదంతా ఒకటే. అమెరికాలో మార్చి రెండో ఆదివారం గంట ముందుకు, నవంబర్ మొదటి ఆదివారం గంట వెనక్కి జరుపుతారు. డాలస్‌లో శనివారం రాత్రి 9:30 అంటే వేసవిలో మనకు మర్నాడు ఉదయం 8, చలికాలంలో 9. లండన్‌లో మార్చి, అక్టోబర్ చివరి ఆదివారాల్లో మారుతుంది. అంటే అక్టోబర్ చివర్లో లండన్ మారిపోయి, డాలస్ మారని వారం ఒకటి వస్తుంది. సిడ్నీ ఇంకా తిరకాసు: అక్టోబర్‌లో ముందుకు, ఏప్రిల్‌లో వెనక్కి. ఇంత ఉండగా, జూలైలో కూడా 'సీఎస్టీ' (డాలస్ చలికాలపు టైమ్) అని రాసేవాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. అప్పుడు అక్కడ నడిచేది సీడీటీ, అంటే వేసవి టైమ్. ఊరి పేరు రాయండి, చాలు.

డిస్కార్డ్‌లో ఈవెంట్ పెడితే ఎవరికి వాళ్ళ ఊరి టైమే కనిపిస్తుంది. నేనైతే డాలస్ టైమ్‌నే ఖాయం చేస్తాను. పిల్లలు పడుకున్నాక కూర్చునేవాళ్ళకు గంట మారితే ఆట పోయినట్టే. మన ఆదివారం ఉదయం కాస్త జరిగినా ఫర్వాలేదు.

అయినా కుదరని వారాలు ఉంటాయి. అప్పుడు టెక్స్ట్ ఛానెల్‌లో ఆడండి. సత్రంలో మాటలు, బజారులో బేరాలు అక్కడ హాయిగా నడుస్తాయి. పోరాటం మాత్రం వద్దు, ఒకరి వంతు కోసం ఒకరు ఆగితే ఒక్క రౌండ్‌కే వారం పడుతుంది. మెసేజ్‌లో 'ఇలా అయితే ఇది చేస్తాను' అన్నది తప్పనిసరిగా ఉండాలి:

"చీకట్లో వంతెన దాటుతున్నాను. స్టెల్త్ 14. కాపలావాడు చూస్తే 5 బంగారు నాణేలు ఇస్తాను. ఒప్పుకోకపోతే వెనక్కి పరిగెడతాను."

(స్టెల్త్ 14 అంటే కనబడకుండా నక్కి వెళ్ళడానికి పాచిక వేస్తే వచ్చిన మొత్తం.) ఇలా రాస్తే డీఎం ఒక్క జవాబుతో సీన్ ముగించగలరు. "వంతెన దాటుతున్నాను" అని వదిలేస్తే ఆ కాపలావాడి దగ్గరే మూడు రోజులు గడుస్తాయి.

అభ్యాసం: డాలస్, లండన్, సిడ్నీ, హైదరాబాద్‌లలో ఆటగాళ్ళు ఉన్నారనుకోండి. గడియారం మారే ఆరు ఆదివారాలకూ ముందువారం, తర్వాతివారం ఏ ఊళ్ళో ఆట ఎన్నింటికో కాగితం మీద లెక్క కట్టండి. ఫోన్ చూడకండి.